రాతిమాను గడప

అనగనగా ఒక ఊళ్ళో... ఊఁ కొట్టవేం పండూ? ఊఁ కొట్టకపోతే చెప్పను. గోడకి కథ చెప్పుకోవడానికి నాకేం పిచ్చా? ఆఁ, అదీ. అలా కొడుతూ ఉండు.

అనగనగా ఒక ఊళ్ళో, మెట్ట ఊళ్ళో, అచ్చాయమ్మని ఒకావిడ ఉండేది. ఆవిడకి నూకాలని ఒక్కతే కూతురు. ఆ పిల్ల నీకంటే కాస్త పెద్దదేమో గానీ, మొండితనంలో మాత్రం అచ్చం నువ్వే. తండ్రి పోయాడు. వాళ్ళకి ఉన్నదల్లా ఒక మట్టిగోడల ఇల్లు, రెండు మేకలు.

ఆ ఊరి పక్కన ఒక వాగు. వాగు గట్టంతా తెల్లటి మెత్తరాయి. పూతరేకులు దొంతర పెట్టినట్టు పొరలు పొరలుగా ఉండేది. గట్టు కింద, వాగులో, అక్కడక్కడా దుంగల్లాంటి పొడుగాటి రాళ్ళు పడి ఉండేవి. ఊళ్ళోవాళ్ళు వాటిని రాకాసి బొమికలు అనేవాళ్ళు. ఎప్పుడో ఒక రాకాసి వాగు దాటుతూ చచ్చిందిట. దాని కాళ్ళూ చేతులూ అవిట. పిల్లలెవరైనా వాటి మీద కూచుంటే వీపు విమానం మోత మోగిపోయేది.

ఆ ఊళ్ళో ఒక కట్టడి ఉంది. గుడికైతే రాతి గడప, ఇంటికైతే మాను గడప. మాను గడప లేని ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు. వెలిగిస్తే ఊరికి కీడు అని వాళ్ళ నమ్మకం. ఎవరు పెట్టారో ఆ కట్టడి, ఎందుకు పెట్టారో, నన్నడక్కు. నాకూ తెలీదు.

అచ్చాయమ్మ ఇంటికి ముందు మామిడి గడప ఉండేది. దాన్ని చెదలు తినేశాయి. అప్పుడు బూరుగు చెక్క వేయించింది. దాన్నీ తినేశాయి. ఆ తర్వాత వాగు పొంగి, ఒక రాకాసి బొమిక దొర్లుకుంటూ వచ్చి వాళ్ళ దొడ్లో పడింది.

అచ్చాయమ్మ దాన్ని అటు తడిమింది, ఇటు తడిమింది. "బొమికా లేదు, నా మొహమూ లేదు. ఇది మానే. ఎందుకో గట్టిపడిపోయింది" అంది. తల్లీ కూతురూ గునపాలేసి దొర్లించుకొచ్చి గడపగా పెట్టుకున్నారు. చెదలు వచ్చాయి, కొరికి చూశాయి, పళ్ళు విరగ్గొట్టుకుని పోయాయి. నవ్వు, నవ్వు. ఇంకాసేపట్లో నవ్వు రాదు.

ఎందుకంటే ఆ ఏడు వానలు పడలేదు. మరుసటేడూ పడలేదు. వాగు ఎండిపోయింది. బావి అడుగంటింది. ఇంటికింత అని కొలిచి నీళ్ళు పోసుకునేవాళ్ళు.

ఆ ఊళ్ళో సూరాయమ్మని ఒక ముసలావిడ ఉంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఈవిడ నోటికి ఊరే దడిసేది. మేత లేక ఆవిడ గేదె ఒట్టిపోయింది. అప్పుడు ఆవిడ చావడి దగ్గర నడుం మీద చెయ్యేసుకుని అరిచింది.

"రాకాసి బొమికని గడప చేసుకున్నారు! దాన్ని దాటెళ్ళి రోజూ పొయ్యి వెలిగిస్తున్నారు! ఇంక వానలెలా పడతాయర్రా?"

ఒకరు ఔనన్నారు. ఇంకొకరు ఔనౌనన్నారు. ఆ తర్వాత ఊరంతా ఔనంది.

ఊరి పెద్ద గవర్రాజు. చెరకు రైతు. మంచివాడే గానీ నలుగురూ ఒక మాటంటే కాదనలేడు. ఆయన అచ్చాయమ్మని పిలిపించాడు. "చూడమ్మా, ఆ గడప తీసేసి మాను గడప పెట్టుకో. అప్పటిదాకా పొయ్యి వెలిగించకు. గంగానమ్మ జాతర నాటికి పెట్టుకోకపోతే మీ అన్నగారి ఊరు వెళ్ళిపోండి" అన్నాడు.

మాను ఎక్కణ్ణించి తెస్తుంది? కరువులో పచ్చని చెట్టు నరకకూడదని ఇంకో కట్టడి ఉందాయె. అన్నగారింటికి పోతే వదినగారి దెప్పుళ్ళు తింటూ బతకాలి. పాపం అచ్చాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నూకాలు ఏడవలేదు. "గవర్రాజు మావయ్యా, మా గడప మానే. నేను చూపిస్తాను" అంది.

"చూపించవే చూపించు. మేమూ చూస్తాం" అంది సూరాయమ్మ.

గవర్రాజు ఆ పిల్ల మొహంలోకి చూశాడు. "సరే, జాతర దాకా గడువు. మానే అని తేలితే గడపా ఉంటుంది, మీరూ ఉంటారు" అన్నాడు.

ఆ పూట నించీ వాళ్ళింట్లో పొయ్యి ఆరిపోయింది. అన్నం లేదు, కూర లేదు. అటుకులు నానేసుకుని తినడమే. నువ్వేమో ఇవాళ నెయ్యి తక్కువైందని కంచం తోసేశావు. సరేలే, ఊఁ కొట్టు.

మర్నాడు నూకాలు వాగు గట్టుకి వెళ్ళింది. ఇలాంటి మానులు ఇక్కడ ఉంటే వాటి ఆకులు కూడా ఇక్కడే ఎక్కడో ఉండాలి కదా అనుకుంది. కొడవలి మొనతో రాతి పొరలు విప్పడం మొదలెట్టింది. విప్పగా విప్పగా ఒక పలక మీద నల్లగా, సన్నగా, కొమ్మలూ రెమ్మలూ వేసిన బుల్లి మొక్క కనబడింది. ఎంత ముద్దుగా ఉందో! ముగ్గేసినట్టే ఉంది. నూకాలు ఆ పలక పట్టుకుని ఒక్క పరుగున చావడికి వచ్చింది.

"మావయ్యా, మొక్క! రాతిలో మొక్క!"

అందరూ మూగారు. గవర్రాజు పలకని ఎండకి పెట్టి చూశాడు. "ఆకుకి నడుమ ఈనె ఉండాలి కదా నూకాలూ. దీనికేదీ? పైగా చూడు, ఇది రాతి పగులు దగ్గర మొదలై లోపలికి పాకింది. మా గోడకి చెమ్మెక్కితే ఇలాగే పాకుతుంది. ఇది మొక్క కాదమ్మా, మరక" అన్నాడు.

జనం గొల్లున నవ్వారు. నూకాలు చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఆ పిల్ల పలకని విసిరికొట్టలేదు. దారిలో ఒక రావాకు కోసుకుని, ఈనె మీద వేలు రాసుకుంటూ ఇంటికొచ్చింది. ఈనె, ఈనె, ఈనె అనుకుంటూ పడుకుంది.

ఆ తర్వాత మళ్ళీ వాగుకి వెళ్ళింది. ఈసారి ఒక పెద్ద పలక దొరికింది. దాని మీదంతా గట్లు గట్లుగా, వంకర టింకరగా, ముసలి చెట్టు బెరడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. నూకాలు దాన్ని నెత్తి మీద పెట్టుకుని మోసుకొచ్చింది. మెడ నరాలు లాగేస్తున్నా దించలేదు.

"ఇదిగో మావయ్యా, చెట్టు బెరడు!"

గవర్రాజు నోరు తెరిచేలోపే సూరాయమ్మ వచ్చి నూకాలు చెవి పట్టుకుంది. అలాగే వాగుదాకా ఈడ్చుకెళ్ళింది. ఎండిన ఇసక చూపించింది. నీళ్ళు పారి పారి ఇంకిపోయిన చోట, ఇసక మీద అచ్చం అవే గట్లు, అవే వంకరలు.

"కళ్ళు ఉన్నాయా, కాకులెత్తుకెళ్ళాయా? ఇది నీళ్ళు వేసిన గీత! బెరడైతే మాను చుట్టూ తిరగాలి గానీ చాపలా పరుచుకుంటుందిటే?" అంది.

మళ్ళీ నవ్వులు. సూరాయమ్మ చెవి వదిలేసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది. తిడుతూ తిడుతూ ఎంత మంచి మాట చెప్పిందో ఆవిడకే తెలీదు.

అచ్చాయమ్మ కూతురికి ఎదురొచ్చింది. "చాల్లేవే తల్లీ. ఊరు కాదన్నాక మనం ఔనంటే అవుతుందా? మూట కట్టుకుందాం పద" అంది.

"నేను రాను" అంది నూకాలు.

"ఎలా చూపిస్తావే?"

"తెలీదు. కానీ రెండుసార్లు తప్పు చేశానుగా అమ్మా. ఆకు కానిదేదో తెలిసింది. బెరడు కానిదేదో తెలిసింది. ఇంక అయ్యేదేదో తెలియాలి, అంతే కదా."

చూశావా, అదీ పట్టుదలంటే. నువ్వు ఎక్కం ఒకసారి తప్పితే పలక మంచం కింద పడేస్తావు.

అప్పుడు నూకాలు, ఆ దుంగలు పడి ఉన్న చోటికే వెళ్ళింది. వాటి పక్కనే ఉన్న పొరలు విప్పింది. ఒక పొరలో ఏమీ లేదు. ఇంకో పొరలో ఏమీ లేదు. మూడో పొర టప్పున రెండుగా విడింది. లోపల ఆకు! నాలుకలా పొడుగ్గా, నడుమ ఈనెతో, ఈనె నించి ఇటూ అటూ సన్నటి నరాలతో. ఒక సగం మీద ఆకు పైకి ఉబ్బి ఉంది, రెండో సగం మీద అదే ఆకు లోపలికి అచ్చు పడి ఉంది. మూస్తే సరిగ్గా అతుక్కుంటోంది. ఈసారి ఆ పిల్ల చావడికి పరిగెత్తలేదు. కొంగులో మూటకట్టుకుని నడిచి ఇంటికొచ్చింది.

వచ్చి గడప ముందు బాసింపట్టు వేసుకుని కూచుంది. వాగంతా తిరిగి వెతికాను గానీ నిన్ను సరిగ్గా చూడలేదే అనుకుంది. గడప పైన చూస్తే ఏమీ లేదు, తొక్కీ తొక్కీ నున్నబడిపోయింది. రెండు కొసలూ మట్టిగోడలోకి పోయి ఉన్నాయి. అప్పుడు నూకాలు గునపం తెచ్చి కొస దగ్గర గోడ తవ్వడం మొదలెట్టింది.

"ఒసేయ్! ఉన్న గోడ కూల్చేస్తావుటే?" అని అచ్చాయమ్మ పరిగెత్తుకొచ్చింది.

"గడపని పగలగొట్టకూడదు గానీ గోడ మట్టిదేగా అమ్మా. మళ్ళీ మెత్తుతాను."

మట్టి తీసేసరికి గడప అడుగు భాగం బయటపడింది. అక్కడ గట్లు ఉన్నాయి. చాపలా కాదు. కిందనించి వెళ్ళి, అటు తిరిగి, మాను చుట్టూ వచ్చాయి. సూరాయమ్మ చెప్పినట్టే! ఒకచోట బుడిపె కూడా తగిలింది.

ఇంక కొస మిగిలింది. మానైతే కొసలో వలయాలు ఉండాలి. కానీ కొస గరుగ్గా, మురిగ్గా ఉంది, ఏమీ కనబడలేదు. దాన్ని నున్నగా అరగదీయాలి. అరగదీయాలంటే ఇసక కావాలి, ఇసకతో పాటు నీళ్ళు కావాలి. ఇసక వాగునిండా ఉంది. నీళ్ళేవీ?

నూకాలు తన వాటా తాగే నీళ్ళలో సగం పక్కన పెట్టింది. ఆ నీళ్ళు చిలకరించి, ఇసక వేసి, ఒక గట్టి రాయితో రుద్దింది. పొద్దస్తమానం రుద్దింది. మర్నాడూ రుద్దింది. చేతులు బొబ్బలెక్కాయి. గుడ్డ చుట్టుకుని మళ్ళీ రుద్దింది. పెదాలు ఎండిపోయి చిట్లాయి. అయినా ఆ సగం నీళ్ళు ముట్టుకోలేదు.

అచ్చాయమ్మ చూసింది, చూసింది, ఉండబట్టలేకపోయింది. తన చెంబు తెచ్చి కూతురి పక్కన కూచుంది. "నీవి నువ్వు తాగు. దీనికి నావి పోద్దాం" అంది. ఆ తర్వాత తల్లి నీళ్ళు పోస్తుంటే కూతురు రుద్దింది, కూతురు పోస్తుంటే తల్లి రుద్దింది.

ఏమిటీ? మాను రాయెలా అయిందంటావా? మధ్యలో అడ్డు రాకూడదు, సరే చెప్తా. మనుషులు పుట్టకముందెప్పుడో అది పచ్చని చెట్టే. నీళ్ళలో పడింది. పైన బురద కప్పింది. ఆవకాయ జాడీలో ముక్కకి ఉప్పూ కారం ఎలా పడుతుందీ? ముక్క ముక్కలాగే ఉంటుంది, లోపల మాత్రం ఊట ఎక్కుతుంది కదా. అలాగే మాను మానులాగే ఉండి, నీళ్ళతోపాటు లోపలికి రాయి ఎక్కింది. కాకపోతే మన ఆవకాయ ఏడాదికే అయిపోతుంది, అది యుగాలు ఊరింది.

జాతర రోజు వచ్చింది. గడప కదలదు కాబట్టి ఊరే వాళ్ళింటికి కదిలింది. ముందర గవర్రాజు, పక్కన సూరాయమ్మ, వెనకాల గునపాలతో నలుగురు. ఆ గునపాలు చూసి అచ్చాయమ్మ కూతురి పక్కకి వచ్చి నిలబడింది.

నూకాలు ముందు రాతి పలక తీసింది. మూసి చూపించి, విప్పి చూపించింది. గవర్రాజు ఈనె మీద వేలు పెట్టి కొసదాకా రాశాడు. "ఈనె ఉంది. నరాలు అటూ ఇటూ సమంగా ఉన్నాయి. పగుల్లోంచి పాకింది కాదు. ఇది ఆకే" అన్నాడు.

"ఆ దుంగలు ఉన్న పొరలోనే దొరికింది మావయ్యా" అంది నూకాలు.

ఆ తర్వాత సూరాయమ్మ వైపు తిరిగింది. "మామ్మా, నువ్వే చెప్పావుగా, బెరడైతే చుట్టూ తిరగాలని. రా, చెయ్యి పెట్టు."

సూరాయమ్మ గొణుక్కుంటూ గోడ తవ్విన చోట చెయ్యి పెట్టింది. చెయ్యి కిందికి వెళ్ళింది, అటు తిరిగింది, మళ్ళీ పైకొచ్చింది. బుడిపె దగ్గర ఆగింది. "కొమ్మ విరిగిన చోటు" అని తనే అనేసి, గబుక్కున నాలిక్కరుచుకుంది.

జనంలో గుసగుసలు. గునపాలవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. అప్పుడు సూరాయమ్మ ఒక్కసారి గయ్యిమంది.

"మానే అవనీ! అయితే ఏంటి? పాడు మాను! అది గడపెక్కాకే కదా వానలు పోయాయి? పీకెయ్యండి!"

గునపాలు మళ్ళీ పైకి లేచాయి. "ఆగండి, ఇంకొకటి చూపించాలి" అని నూకాలు కొస ముందు అడ్డంగా నిలబడింది. అచ్చాయమ్మ తన చెంబులో మిగిలిన నీళ్ళన్నీ తెచ్చి, నున్నగా అరగదీసిన ఆ కొస మీద పోసింది.

అప్పుడు పండూ, రాతిలో వలయాలు తేలాయి. ఒకదాని చుట్టూ ఒకటి, దాని చుట్టూ ఇంకొకటి. గోధుమ రంగొకటి, తేనె రంగొకటి. వెనకున్నవాళ్ళు మునివేళ్ళ మీద లేచి చూశారు.

గవర్రాజు మోకాళ్ళ మీద కూచున్నాడు. నడుమనించి బయటికి వేలు పెట్టుకుంటూ వచ్చాడు. ఒకచోట ఆగిపోయాడు. అక్కడ వలయాలు వెంట్రుకల్లా సన్నగా, ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉన్నాయి.

"నీళ్ళందని ఏడు చెరకు కణుపులు ఇలాగే దగ్గరపడతాయి" అన్నాడు మెల్లగా. "ఈ మాను ఇక్కడ నీళ్ళకి అల్లాడింది. ఒక ఏడు కాదు, వరసగా చాలా ఏళ్ళు. కరువు చూసింది ఇది."

నూకాలు సూరాయమ్మనే చూస్తూ అడిగింది. "మామ్మా, అప్పుడు ఇది ఎవరింటి గడప? ఎవరు పొయ్యి వెలిగిస్తే ఆ కరువు వచ్చింది?"

సూరాయమ్మ ముందుకొచ్చింది.

ఆవిడ వంగి, ఆ సన్నటి వలయాల మీద తనూ వేలు పెట్టింది. ఒక్కొక్కటే తడిమింది. తర్వాత చంటిపిల్లలా అడిగింది.

"తర్వాత ఏమైందే?"

నూకాలు ఆవిడ వేలు పట్టుకుని ఇంకాస్త బయటికి జరిపింది. అక్కడ వలయాలు మళ్ళీ వెడల్పుగా, బొద్దుగా ఉన్నాయి. బెరడు దాకా అలాగే ఉన్నాయి.

"వానలొచ్చాయి మామ్మా. ఇది బతికింది."

సూరాయమ్మ గోడకి ఆనుకుని కూలబడిపోయింది. "నా గేదె అరుపు వినలేకపోతున్నానే తల్లీ" అని ఏడ్చింది. "రోజూ నా మొహం చూసి అరుస్తుంది. దానికి ఏం పెట్టను? భయమేసిందే. ఎవరో ఒకరు చేశారనుకుంటే కాస్త నిద్రపట్టేది. మీ పొయ్యి ఆర్పించాను. నా నోరు పడిపోను!"

అచ్చాయమ్మకి కోపం రాలేదా అంటే, వచ్చింది. ఎందుకు రాదూ? అన్నాళ్ళు అటుకులు తిన్నదాయె. కానీ ఆ ముసలావిడ ఏడుపు చూసి చెయ్యి పట్టి లేపింది. "లే పిన్నీ. గంజి కాస్తాను, నువ్వూ తాగి వెళ్ళు. కానీ పొయ్యిలో నిప్పు లేదే" అంది.

సూరాయమ్మ కళ్ళు తుడుచుకుంది. గబగబా ఇంటికెళ్ళి, పిడక మీద తన పొయ్యిలో నిప్పు పట్టుకొచ్చింది. ఊరంతా తప్పుకుని దారిచ్చింది. ఆవిడ గడప ముందు ఆగి, ఖాళీ చేత్తో దాన్ని తాకి కళ్ళకద్దుకుంది. అప్పుడు కుడికాలు పెట్టి దాటి లోపలికెళ్ళి, ఎవరి పొయ్యి ఆర్పించిందో వాళ్ళ పొయ్యి తన చేత్తోనే వెలిగించింది.

వాన పడిందా అంటావా? ఆ రోజు పడలేదు. అబద్ధం ఎందుకు చెప్పడం? తర్వాతెప్పుడో పడింది, పడేటప్పుడు పడింది. కానీ ఈలోపు ఆ ఊళ్ళో ఎవరూ ఎవరి పొయ్యీ ఆర్పించలేదు.

ఇంక పడుకో. అదుగో, కళ్ళు మూతలు పడుతున్నాయి. నాతోపాటు అను:

ఆకు రాలె నీటిలో,
అచ్చు పడె రాతిలో,
మాను చేరె గడపకి,
మంట వచ్చె పొయ్యికి,
కథ నడిచె కంచికి,
మనమేమో ఇంటికి.